తుఫాను తీరం దాటాక మొదలయ్యే పని

బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే మన కోస్తాలో ప్రతి ఇంట్లో ఒకటే ధ్యాస. ఎంత దూరంలో ఉంది, ఎటు తిరుగుతోంది, ఎన్ని గంటలకు తీరం దాటుతుంది? కళింగపట్నం దగ్గరా, కాకినాడ దగ్గరా, బాపట్ల దగ్గరా? ఆఫీసుల్లో, టీ బడ్డీల దగ్గర, ఫ్యామిలీ గ్రూపుల్లో ఇదే మాట. ‘తీరం దాటింది’ అని టీవీలో స్క్రోలింగ్ రాగానే హమ్మయ్య అనుకుంటాం. అంతవరకు బీచిలో గొడుగు పట్టుకుని నిలబడిన విలేకరులు కూడా సర్దుకుని వెళ్ళిపోతారు.

నా అభ్యంతరమల్లా ఇక్కడే. స్లాబ్ ఇళ్ళలో, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళం గాలి వీస్తున్నంతసేపూ భయంతోనైనా లోపల కూర్చుంటాం. భయం పోయిన మరుక్షణం చెట్టు నరకడానికి, పగిలిన రేకు దించడానికి, మోటారు ఆన్ చేసి చూడడానికి బయల్దేరతాం. తుఫానుకు ముందు వాట్సాప్‌లో తిరిగే జాగ్రత్తలన్నీ బిస్కెట్లు, కొవ్వొత్తులు, పవర్ బ్యాంకుల గురించే. గాలి ఆగాక ఏం ముట్టుకోకూడదో చెప్పే మెసేజ్ ఒక్కటీ నాకు ఇంతవరకు రాలేదు.

అయితే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఇంట్లో ఉండి జాగ్రత్త పడడం అనే మాట అందరికీ వర్తించదు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని చంపింది ప్రధానంగా ఉప్పెన. సముద్రం నిలువెత్తు గోడలా లోపలికి వచ్చినప్పుడు పూరిల్లనీ, పెంకుటిల్లనీ తేడా లేకుండా ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కే దాదాపు 10 వేల మంది. 1990 మే నెలలో అదే కృష్ణా డెల్టా మీదికి మరో పెద్ద తుఫాను వచ్చింది. అప్పటికి హెచ్చరికలు మెరుగయ్యాయి, షెల్టర్లు కట్టారు, లక్షన్నర మందిని ముందే ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్ళు వెయ్యి లోపే. అది కూడా తక్కువేం కాదు, కానీ ఆ రెండు అంకెల మధ్య తేడాలో చాలావరకు ముందే ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళ ప్రాణాలే. కాబట్టి మీది సముద్రం ఒడ్డున పల్లపు ప్రాంతమైనా, ఏటిగట్టు కింద ఇల్లయినా, రేకుల షెడ్డయినా, ఖాళీ చేయమని చెబితే ఇక ఆలోచించవద్దు. ఆ ఇంట్లో ఎంత జాగ్రత్త పడినా సరిపోదు.

‘చెప్పినా కదలరండీ, మొండివాళ్ళు’ అని మత్స్యకార గ్రామాల గురించి ఊళ్ళో కూర్చుని మాట్లాడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. కట్టేసిన గేదెను ఎవరు చూస్తారు? వలలు, ఇంజను ఎవరు కాస్తారు? షెల్టర్‌లో మూడొందల మందికి రెండు మరుగుదొడ్లుంటే, వాటికీ నీళ్ళు లేకపోతే, ఎదిగిన ఆడపిల్లను తీసుకుని ఏ తల్లి వెళ్తుంది? ఖాళీ చేయించడం అంటే బస్సు పంపడంతో అయిపోదు. వెళ్ళిన చోట మనిషి మర్యాదగా ఒక రాత్రి గడపగలగాలి. అది చూసుకున్న ఊళ్ళలో జనం తమంతట తామే కదులుతారు. నెలలు నిండిన గర్భిణులను రెండు రోజుల ముందే ఆస్పత్రులకు చేర్చడం ఇప్పుడు మన దగ్గర జరుగుతోంది. ఇదే శ్రద్ధ మిగతా అందరి మీదా పెట్టాలి.

ఇక ఇంట్లో ఉండదగిన ఇళ్ళ సంగతి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం నగరం మీదనే తీరం దాటింది. గంటకు 185 కిలోమీటర్ల గాలి. ఈ అంకె వినడానికి కారు స్పీడులా అనిపిస్తుంది గానీ దాని అర్థం వేరు. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. మీ బాల్కనీ తలుపు మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉందనుకోండి. 90 కిలోమీటర్ల గాలి సూటిగా తగిలితే ఆ తలుపు మీద పడే బరువు సుమారు 80 కిలోలు. 185 దగ్గర అది 300 కిలోలు దాటుతుంది. ఇంట్లో మగవాళ్ళిద్దరు తలుపుకి వీపు ఆనించి నిలబడితే ఆగే బలం కాదది. గొళ్ళెం ఊడితే తలుపూ, అద్దమూ మనిషి మీదనే పడతాయి. తలుపు పోతే పోయింది, ఆ గదిని వదిలేసి లోపలి గదిలోకి వెళ్ళి దాని తలుపు వేసుకోవాలి. కిటికీలు లేని నడవా గానీ, బాత్రూం గానీ మంచిది. ‘ఒత్తిడి సమానం కావాలి, ఒక కిటికీ కొంచెం తెరిచి ఉంచండి’ అనే సలహా ఇప్పటికీ తిరుగుతోంది. అది తప్పు. లోపలికి దూరిన గాలి పైకప్పును కింద నుంచి ఎత్తుతుంది. రేకుల ఇళ్ళ కప్పులు లేచిపోయేది చాలాసార్లు ఇలాగే.

ఆ రోజు మేం సీతమ్మధారలో అద్దె ఇంట్లో, మూడో అంతస్తులో ఉన్నాం. ఉదయం నుంచి ఒకటే హోరు. హాల్లో అల్యూమినియం స్లైడింగ్ కిటికీ అద్దం లోపలికి ఉబ్బడం కళ్ళారా చూశాను. అద్దం అలా వంగుతుందని అంతకు ముందు నాకు తెలియదు. ఆ సందుల్లోంచి నీళ్ళు పిచికారీ కొట్టినట్టు సోఫా మీద పడుతున్నాయి. మధ్యాహ్నం అయ్యేసరికి ఉన్నట్టుండి గాలి తగ్గింది. వాన పలచబడింది, వెలుగు వచ్చింది. ఎదురు ఫ్లాట్ అంకుల్ చెప్పులేసుకుని ‘అయిపోయిందమ్మా, కింద కారు చూసొస్తాను’ అని మెట్లు దిగబోతున్నారు. మా అమ్మ గుమ్మంలోకి వచ్చి ఆపింది. ‘అన్నయ్యగారూ, ఇప్పుడే వెళ్ళకండి. ఇంకా అటు గాలి రావాలి’ అంది. అమ్మది భీమిలి దగ్గర ఊరు. తుఫాను గాలి ఒక దిక్కు నుంచి కొట్టి, కాసేపు ఆగి, మళ్ళీ ఎదురు దిక్కు నుంచి కొడుతుందని వాళ్ళ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తుఫాను కన్ను, అంటే సుడి నడిమి భాగం, మన నెత్తి మీదికి వచ్చినప్పుడు ఆ ప్రశాంతత ఉంటుంది. కన్ను దాటగానే దాని చుట్టూ తిరిగే గాలి గోడ రెండో వైపు వచ్చి తగులుతుంది. మొదటి గాలికి ఒక పక్కకు ఒరిగి వేళ్ళు వదులైన చెట్లను, సగం ఊడిన హోర్డింగులను ఆ రెండో గాలి ఇటు తిప్పి పడేస్తుంది. అంకుల్ ఆగారు. ఆయన కారు మీద వేపచెట్టు పడింది ఆ తర్వాతే.

రేడియోలోనో, అధికారుల నుంచో గాలి పూర్తిగా పోయిందని తెలిసేదాకా తలుపు తీయకూడదని నేను పట్టుబట్టేది అందుకే. హుద్‌హుద్‌లో సెల్ టవర్లు పడిపోయి నగరం మొత్తం మూగబోయింది. మా ఇంట్లో బయటి సంగతి చెప్పింది బ్యాటరీలతో నడిచే పాత ట్రాన్సిస్టరు ఒక్కటే. ఇప్పటికీ అది మా బీరువాలో ఉంది. అందరి ఇళ్ళల్లోనూ ఒకటి ఉండాలంటాను.

తర్వాతి రోజు తెల్లారాక జనం రోడ్డెక్కారు. చెట్లన్నీ నేలమీద, వాటి కింద స్తంభాలు, వాటి చుట్టూ తీగలు. పాల కోసం క్యూలు, పెట్రోలు కోసం క్యూలు. కొన్ని వీధుల్లో కరెంటు రావడానికి వారం పైనే పట్టింది. ఇలాంటప్పుడు మనకు కలిగే ధీమా ఒకటుంది: ఊరంతా కరెంటు లేదు కదా, తీగ ముట్టుకుంటే ఏమవుతుంది? ఈ ధీమా మనుషుల్ని చంపుతుంది. కరెంటు ఒక్కో ఫీడరుకి, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఒక్కో లైనుకి, ఒక్కో సమయంలో వదులుతారు. మీ ఇంట్లో బల్బు వెలగకపోయినా మీ గుమ్మం ముందు పడిన తీగలో కరెంటు ఉండవచ్చు. తీగ నీళ్ళలో పడి ఉంటే దాన్ని తాకనక్కర్లేదు, దగ్గరగా అడుగు వేసినా చాలు. కర్రతో తొయ్యడం, తడి తాడు కట్టి లాగడం, ఇవన్నీ ప్రాణంతో ఆటలే. దూరంగా ఉండి, పిల్లల్నీ పశువుల్నీ అటు పోనీయకుండా ఒక మనిషిని నిలబెట్టి, 1912కి ఫోన్ చేయాలి. ఫోన్లు పనిచేయకపోతే సబ్‌స్టేషన్‌కి ఎవరినైనా పంపాలి.

దీనికన్నా తక్కువమందికి తెలిసింది జనరేటర్ సంగతి. కరెంటు లేని మూడో రోజుకి ఎవరో ఒకరు చిన్న జనరేటర్ అద్దెకు తెస్తారు. దాని నుంచి ఇంటికి సరఫరా ఇవ్వడానికి రెండు వైపులా ప్లగ్గులున్న వైరు ఒకటి తయారుచేసి గోడలో ఉన్న సాకెట్‌లో గుచ్చుతారు. ఇల్లంతా వెలుగుతుంది, వాళ్ళకు ఆనందం. మెయిన్ ఆఫ్ చేయడం మరిచిపోతే ఆ కరెంటు మీటరు దాటి వీధిలోకి వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులను ఇంటికి తగ్గించి ఇస్తుందని మనకు తెలుసు. అదే ట్రాన్స్‌ఫార్మర్ ఎదురుగా వచ్చిన 230 వోల్టులను మళ్ళీ 11 వేలకు పెంచుతుంది. అక్కడెక్కడో లైను ఆపించామన్న నమ్మకంతో స్తంభమెక్కి పని చేస్తున్న లైన్‌మ్యాన్ చేతిలో ఉన్న తీగలోకి అది వస్తుంది. పక్క రాష్ట్రాల నుంచి కూడా వచ్చి మన కోసం రాత్రింబవళ్ళు స్తంభాలు నిలబెట్టినవాళ్ళు వాళ్ళు. మన ఫ్యాను కోసం వాళ్ళ ప్రాణం పణంగా పెట్టే హక్కు మనకు లేదు. జనరేటర్ వాడాలంటే, బయటి లైను గానీ జనరేటర్ గానీ ఒకసారికి ఒక్కటే ఇంటికి కలిపే ఛేంజోవర్ స్విచ్ పెట్టించాలి. అది లేకపోతే ఫ్రిజ్‌నో, ఫోన్ ఛార్జర్‌నో నేరుగా జనరేటర్‌కే కలుపుకోవాలి, ఇంటి వైరింగుకి కలపకూడదు.

ఆ జనరేటర్ ఎక్కడ పెడతామన్నది కూడా ముఖ్యమే. వాన పడుతోందని సెల్లార్‌లోనో, వరండాలోనో, మెట్ల కిందనో పెడతారు. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, మత్తు వస్తాయి, నిద్రలోనే ప్రాణం పోతుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టినా ఇంతే. ఆరుబయట, కిటికీలకు దూరంగా పెట్టగలిగితేనే జనరేటర్ తెచ్చుకోవాలి.

ఇన్వర్టర్ గురించి మా కింది ఫ్లాట్‌లో చూసింది చెబుతాను. వాళ్ళ హాల్లో గోడంతా చెమ్మ పట్టింది. స్విచ్‌బోర్డులో నీళ్ళు చేరాయని ఇంటాయన మెయిన్ ఆఫ్ చేసి, స్క్రూడ్రైవర్‌తో మూత విప్పడానికి కూర్చున్నారు. అదృష్టం కొద్దీ అప్పుడే వచ్చిన ఎలక్ట్రీషియన్ కుర్రాడు టెస్టర్ పెట్టి చూపించాడు. ఎర్రగా వెలిగింది. మెయిన్ ఆపితే ఆగేది బయటి నుంచి వచ్చే కరెంటు మాత్రమే. ఇన్వర్టర్ బ్యాటరీ అప్పటికీ లైట్ల పాయింట్లకు, ఫ్యాన్ పాయింట్లకు 230 వోల్టులు పంపుతూనే ఉంటుంది. మెయిన్ పోయిందని దానికి తెలియగానే అది పని మొదలుపెడుతుంది మరి, దాని ఉద్యోగమే అది. ఆ కుర్రాడు ఇన్వర్టర్ విడిగా ఆపి, బ్యాటరీ వైరు విప్పి, అప్పుడు బోర్డు తెరిచాడు. నీళ్ళు వచ్చే ఇల్లయితే ఇది ముందే చేయాలి. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపాలి. నేలమీద ఉన్న బ్యాటరీని పైకి చేర్చాలి. వీలైతే ఈ ఏడాదే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, పెట్టించుకోండి. లోడు ఎక్కువైతే పడిపోయే ఎమ్‌సీబీ వైర్లను కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. చాలా ఇళ్ళలో మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు. ఒక ఫోన్ కవరూ, ఇయర్‌ఫోన్లూ కొనే డబ్బుకి ఇంకొంచెం కలిపితే వచ్చేస్తుంది.

గాలి విశాఖకు పరిచయమైతే, నీళ్ళ మాట విజయవాడ వాళ్ళే చెప్పాలి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. డ్రోన్లతో మేడల మీదికి అన్నం పొట్లాలు వేసిన దృశ్యాలు అందరూ చూశారు. మా పెద్దనాన్నగారి అమ్మాయి ఇల్లు అక్కడే. మొదటి అంతస్తులోకి ఎక్కి ఉన్నన్ని రోజులూ వాళ్ళు బాగానే ఉన్నారు. నీళ్ళు దిగాక ఇల్లు కడుక్కునే వారంలో ముగ్గురికి జ్వరాలు, పెద్దవాడి కాలికి గాజుపెంకు గుచ్చుకుని సెప్టిక్.

వరద నీరు తీశాక మిగిలే ఆ నల్లటి బురద ఉత్త మట్టి కాదు. మురుగుకాలవ, సెప్టిక్ ట్యాంకు, చచ్చిన ఎలుకలు, బ్యాటరీ యాసిడ్ అన్నీ అందులో ఉంటాయి. చెప్పులు లేకుండా దిగకూడదు, కాలికి పుండు ఉన్నవాళ్ళు అసలే దిగకూడదు. ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం చర్మం మీది గాయాల్లోంచీ, కళ్ళు, ముక్కు, నోటిలోంచీ లోపలికి వెళ్తుంది. వరద తర్వాత జ్వరం వస్తే మాత్ర వేసుకుని ఊరుకోకుండా, బురదలో దిగామని డాక్టరుకి చెప్పాలి. నీళ్ళకు సంపు ఒక్కసారి మునిగితే అందులో ఉన్నది మురుగే అనుకోవాలి. మోటారు వేసి ఆ నీళ్ళను పైట్యాంకుకి ఎక్కించేస్తే ట్యాంకూ పైపులూ కూడా పాడవుతాయి. సంపు తోడించి, రుద్ది కడిగించి, బ్లీచింగ్ వేయించాకే మోటారు ముట్టుకోవాలి. అందాకా తాగేవి, పళ్ళు తోముకునేవి, చంటిపిల్లల పాలసీసా కడిగేవి అన్నీ కాచిన నీళ్ళే కావాలి. తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం ఉంచి దించితే చాలు. గ్యాస్ ఆదా అని వేడి చేసి వదిలేస్తే లాభం లేదు.

ఫ్రిజ్‌లో కూరలు పారేయడానికి మన ఆడవాళ్ళకు మనసొప్పదు. నాకూ తెలుసు ఆ బాధ. కరెంటు పోయి, తలుపు తెరవకుండా ఉంచినా కింది అర సుమారు నాలుగు గంటలే చల్లగా ఉంటుంది. ఇన్సులిన్ వాడేవాళ్ళు మాత్రం కంగారు పడకండి. వాడుతున్న సీసా ఎండా వేడీ తగలకుండా, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెడితే కొద్ది రోజులు పాడవదు. తుఫానుకు ముందే డాక్టరునో, మందుల షాపు వాళ్ళనో అడిగి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

పాముల మాట కూడా చెప్పాలి. నీళ్ళు వస్తే మనలాగే అవీ మెరక వెతుక్కుంటాయి. మంచం కింద, బియ్యం బస్తా వెనక, బూట్లలో, తడిసిన బట్టల కుప్పలో ఉంటాయి. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. దోమతెర అంచులు చాప కింద మడిచి పడుకుంటే దోమలతో పాటు దాని నుంచీ రక్షణే. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం, మంత్రాలు వేయించడం వద్దు. మనిషిని కదలనీయకుండా ఆస్పత్రికి చేర్చాలి. దారులు మూసుకుపోతాయి కాబట్టి పాము మందు ఉన్న ఆస్పత్రి ఏదో తుఫానుకు ముందే కనుక్కుని ఉంచుకోవాలి.

ఇంత చెప్పాక కూడా నన్ను బాగా బాధపెట్టే విషయం ఇంకొకటి ఉంది. మన అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ కుటుంబం ఎక్కడుంటుంది? సెల్లార్‌లో, మెట్ల కింద, లిఫ్టు గుంత పక్కన ఒక గది. నీళ్ళు వస్తే మొదట మునిగేది అదే. మీటర్ల బోర్డు, మోటారు స్టార్టరు కూడా ఆ గోడకే ఉంటాయి. మరికొన్ని చోట్ల మేడ మీద రేకుల గదిలో ఉంటారు, గాలికి మొదట ఎగిరేది అది. ‘అందరూ ఇళ్ళలోనే ఉండండి’ అని అసోసియేషన్ గ్రూపులో మెసేజ్ పెడతాం. ఆ గ్రూపులో వాచ్‌మన్ ఉండడు. పైగా గాలి మధ్యలో ‘ట్యాంకు మూత ఎగిరిందేమో చూసిరా’, ‘గేటు కొట్టుకుంటోంది, కట్టిరా’ అని పురమాయిస్తాం. మర్నాడు సెల్లార్‌లో మోకాటిలోతు నీళ్ళుంటే మోటారు పెట్టి తోడమని చెప్పేదీ అతనికే. మెయిన్ ఆపారో లేదో ఎవరూ చూడరు. పనిమనిషి ఇల్లు ఏమైందో అడగకుండా ‘ఇవాళ వస్తావా’ అని ఫోన్ చేసేవాళ్ళూ మనలోనే ఉన్నారు. వీళ్ళను బయట వదిలేసి మనం క్షేమంగా ఉన్నామని చెప్పుకోవడం నాకు సిగ్గుగా ఉంటుంది.

మా అపార్ట్‌మెంట్ మీటింగులో నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. హెచ్చరిక రాగానే వాచ్‌మన్ కుటుంబం మొదటి అంతస్తులో ఖాళీగా ఉన్న ఫ్లాట్‌లోకి రావాలి, తాళం సెక్రటరీ దగ్గర ఉండాలి. తుఫాను గాలిలో ఎవరినీ ఏ పనికీ బయటికి పంపకూడదు. సెల్లార్‌లో ఉన్న మీటర్ల బోర్డును పైకి మార్చడానికి విద్యుత్ శాఖకు అర్జీ పెట్టాలి, ఖర్చు అందరూ పంచుకోవాలి. మేడ మీద వదులుగా ఉన్న రేకులు, పూలకుండీలు, డిష్‌లు సెప్టెంబరు నెలాఖరుకల్లా దించేయాలి. మొదటి రెండూ ఒప్పుకున్నారు. మీటర్ల బోర్డు దగ్గర మాత్రం ‘వచ్చే ఏడాది చూద్దాం’ అన్నారు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మనకు తుఫానులు ఎక్కువగా వచ్చే నెలలు. ఈసారి మీటింగులో మళ్ళీ లేవనెత్తుతాను. ఎలక్ట్రీషియన్‌తో అంచనా కూడా రాయించి ఉంచాను.